నెమ్ము చేరిందేమోనని అనుమానమొస్తే: ఇంట్లో ఊపిరి లెక్క నుంచి ఆస్పత్రి గడప దాకా

డిసెంబరు చలి మొదలైనా, జూలై ముసురు పట్టినా నా ఫోన్‌కి వచ్చే ప్రశ్న ఒకటే. "సిస్టరమ్మా, బాబుకు సర్ది తగ్గుతలేదు. నెమ్మేమో ఎట్ల తెలుస్తది?" హైదరాబాద్‌లో పిల్లల వార్డుల్లో ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేశాను. అడిగిన వాళ్లందరికీ ముక్కలు ముక్కలుగా చెబుతుంటే ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకే మొదటి నుంచి వరసగా రాస్తున్నాను.

దగ్గు ఎంత గట్టిగా ఉందో చూసి నెమ్మును పోల్చుకోలేం. ఇల్లు అదిరేలా దగ్గిన పిల్లాడు సాయంత్రానికి బంతి పట్టుకుని సందులోకి పరిగెడతాడు. దగ్గే లేని పసికందు ఊపిరి అందక మెత్తబడిపోతుంది. మీరు చూడాల్సింది ఊపిరిని. అది లెక్కపెట్టడం వస్తే సగం భయం పోతుంది, సగం ఆలస్యమూ తగ్గుతుంది.

మన ఇళ్లలో 'నెమ్ము' అనే మాటను రెండు జబ్బులకూ వాడతారు. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు చీముతో, నీరుతో నిండితే అది న్యుమోనియా. ఊపిరితిత్తికి బయట, దాని పొరల మధ్య నీరు చేరడం వేరే. రెంటికీ వైద్యం ఒకటి కాదు. డాక్టరు నెమ్ము అన్నప్పుడు "లోపలా, పొరలోనా?" అని అడగండి. ముక్కు కారడం, గొంతు నొప్పి, బొంగురు వంటివి పై దారిలో వచ్చేవి. అవి చాలావరకు వైరస్‌వే, వాటంతట అవే పోతాయి. అవి కిందికి దిగుతున్నాయా అన్నదే మన కాపలా.

1. ఒంట్లో బాగున్నప్పుడే సిద్ధం చేసుకోవాల్సినవి

రాత్రి రెండింటికి వెతుక్కునే వస్తువు ఎప్పుడూ దొరకదు. ఇవి ఒక డబ్బాలో వేసి ఉంచండి:

– డిజిటల్ థర్మామీటర్, దానికి పనిచేసే బ్యాటరీ
– వేలికి పెట్టే ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించేది)
– పారాసెటమాల్: పిల్లలకు ఒకే రకం సిరప్, పెద్దలకు మాత్రలు
– మందు కొలిచే సిరంజి, మిల్లీలీటర్ల గీతలు ఉన్నది
– ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు
– ఓఆర్ఎస్ పొట్లాలు రెండు
– పిల్లల టీకా కార్డు, ఆహార భద్రత కార్డు, ఆధార్ జిరాక్సులు
– పిల్లాడి బరువు రాసిన చీటీ. మూడు నెలలకోసారి కొత్త బరువు రాయండి.

బరువు చీటీని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పిల్లల మందు మోతాదును లెక్కగట్టేది బరువును బట్టే.

2. ఊపిరి లెక్కపెట్టడం

ఇది నేర్చుకోవడానికి కాస్త సమయం పెట్టండి. బాగున్న పిల్లల మీద రెండుమూడుసార్లు చేసి చూడండి. అప్పుడు తేడా వచ్చిన రోజు కన్ను పట్టేస్తుంది.

ముందు పిల్లను కుదురుగా ఉంచాలి. నిద్రలో ఉంటే మరీ మంచిది, లేకపోతే అమ్మ ఒళ్లో. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెడితే అది లెక్క కాదు. జ్వరం బాగా ఉన్నప్పుడు ఊపిరి ఎటూ వేగంగానే ఉంటుంది. అప్పుడొకసారి లెక్కపెట్టి రాసుకోండి, జ్వరం దిగాక మళ్లీ లెక్కపెట్టండి. అయితే పిల్ల కష్టపడుతున్నట్టు కనిపిస్తే జ్వరం దిగేదాకా ఆగకండి.

చొక్కా పైకెత్తాలి. చలికాలంలో స్వెటరు, దాని కింద బనీను, పైన శాలువా కప్పి "చూస్తున్నాం సిస్టర్, మంచిగనే ఉన్నడు" అంటారు. ఉన్ని మీద ఊపిరి కనిపించదు. రొమ్ము కింది భాగం, పొట్ట మొత్తం కనబడాలి. లైటు వేయండి.

పొట్ట పైకి లేచి కిందికి దిగితే ఒకటి. లేచినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి అని లెక్కపెట్టి, రెట్టింపు అంకె చూసి హడలిపోయిన తండ్రులను చూశాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పూర్తిగా అరవై సెకన్లు లెక్కించండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు. పసిపిల్లల ఊపిరి సమంగా నడవదు. కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా ఉంటుంది.

అంకెలు ఇవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతలే, మన అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకూ నేర్పేవి:

– 2 నెలల లోపు: నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వేగం. ఒకసారి ఎక్కువ వస్తే వెంటనే మళ్లీ లెక్కపెట్టండి, రెండోసారీ వస్తే ఆస్పత్రికి.
– 2 నెలలు నిండి ఏడాది లోపు: 50 లేదా ఎక్కువ
– ఏడాది నిండి 5 ఏళ్ల లోపు: 40 లేదా ఎక్కువ
– పెద్దవాళ్లు: కుదురుగా ఉన్నప్పుడు మామూలుగా 12 నుంచి 20. 24 దాటితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, 30కి చేరితే ఆస్పత్రే.

అంకెలు తప్పిపోతున్నాయా? మా వార్డులో ఒక అవ్వ నాకు దారి చూపించింది. ఆమెకు ఇరవై దాటి లెక్క రాదు. మనవరాలికి మూడేళ్లు. గిన్నెలో 40 చింతగింజలు పోసి ఇచ్చాను. పొట్ట లేచిన ప్రతిసారీ ఒక గింజ తీసి చీరకొంగులో వేసుకోమన్నాను. నిమిషం అయ్యేసరికి గిన్నె ఖాళీ అయితే వేగం, గింజలు మిగిలితే ఫర్వాలేదు. మొదటిరోజు ఆమె కొంగులో 40 గింజలూ పడ్డాయి, నిమిషం ఇంకా మిగిలే ఉంది. మూడోనాడు గిన్నెలో ఎనిమిది మిగిలితే, అరచేతిలో పెట్టుకుని తెచ్చి నాకు చూపించింది. లెక్క మీద నమ్మకం లేనివాళ్లు ఇలా చేయండి. 2 నెలలు నిండి ఏడాది లోపు పిల్లలకు 50 గింజలు, 2 నెలల లోపు వాళ్లకు 60 పోయండి.

3. డొక్కలు, ముక్కుపుటాలు, శబ్దం

లెక్క అయ్యాక చొక్కా దించకండి. ఇంకో నిమిషం చూడండి.

పిల్లాడు గాలి లోపలికి తీసుకునేటప్పుడు రొమ్ము కింది భాగం బయటికి రావాలి. అది లోపలికి గుంజుకుపోతుంటే దాన్నే మనవాళ్లు 'డొక్కలెగరేస్తున్నడు' అంటారు. ఆ మాట విన్న చోట నేను ఇంకేమీ అడగను, ఆస్పత్రికి బయల్దేరమంటాను. పొట్ట మామూలుగా లేచిపడటాన్ని చూసి పొరబడకండి, పక్కటెముకల అంచు దగ్గర పల్లం పడుతోందా అన్నది చూడాలి. 2 నెలల లోపు పిల్లల్లో కొద్దిపాటి పల్లం మామూలే, లోతుగా స్పష్టంగా పడితేనే ప్రమాదం.

ముక్కుపుటాలు అదురుతున్నాయా? ఊపిరి వదిలినప్పుడల్లా 'ఊ, ఊ' అని మూలుగుతోందా? ఊపిరితో పాటు తల ఊగుతోందా? ఇవన్నీ ఒంటి శక్తంతా ఊపిరికే ఖర్చవుతోందనడానికి గుర్తులు.

ఇక శబ్దాలు. ముక్కులో గురగుర అంటే చీమిడి, ఉప్పునీటి చుక్కలు వేసి తుడిచాక తగ్గుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ఈలలాగా వస్తే పిల్లికూతలు, అంటే గాలి గొట్టాలు బిగుసుకున్నాయని. గాలి తీసుకునేటప్పుడు గొంతులోంచి కరుకుగా శబ్దం, అదీ పిల్ల కుదురుగా ఉన్నప్పుడు వస్తుంటే గొంతు దారి ఇరుకైందని. అది అత్యవసరం. ఈ శబ్దాలు మాటల్లో చెప్పడం కష్టం కాబట్టి అర నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపించండి. ఆస్పత్రికి వచ్చేసరికి పిల్లాడు ఏడుపులో ఉంటాడు, మీ వీడియోలో అసలు ఊపిరి దొరుకుతుంది.

4. ఆక్సీమీటర్ సరిగ్గా పెట్టడం

కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్లు చాలా ఇళ్లలో ఉన్నాయి, వాడే తీరే తప్పు. చల్లబడిన వేలికి పెడితే అంకె తక్కువ చూపిస్తుంది, ముందు చేతులు రుద్ది వెచ్చబరచండి. గోళ్లరంగు, ముదురు గోరింటాకు ఉన్న వేలు వద్దు. చెయ్యి కదలకూడదు. పెట్టగానే కనిపించే అంకెను పట్టించుకోకండి. కనీసం అర నిమిషం ఆగి, అంకె నిలబడ్డాక రాసుకోండి. పెద్దల క్లిప్పు పసిపిల్లల వేలికి పట్టదు, ఆ అంకెను నమ్మి ఇంట్లో కూర్చోవద్దు.

95, ఆ పైన ఉంటే మామూలు. 94కి దిగితే ఆ రోజే డాక్టరు. 92 కన్నా తక్కువైతే వెంటనే ఆస్పత్రి. 90 కన్నా తక్కువైతే 108కి ఫోన్ చేసి, ఆ తర్వాతే మిగతా పనులు. ఎన్నో ఏళ్లుగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల మామూలు అంకె ఇంతకంటే తక్కువ ఉండొచ్చు, వాళ్ల అంకె ఎంతో డాక్టరును అడిగి ముందే రాసిపెట్టుకోండి.

అంకె 97 ఉందని డొక్కలెగరేస్తున్న పిల్లను ఇంట్లో ఉంచుకోవద్దు. కంటికి కనిపించేదానికీ అంకెకూ పొంతన కుదరకపోతే కంటినే నమ్మండి.

5. ముసలివాళ్లలో నెమ్ము వేరేలా వస్తుంది

ఇది నా ఇంట్లోనే జరిగింది. అమ్మకు అప్పుడు 71. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లోనే ఉండేది. జ్వరం లేదు. దగ్గు అప్పుడోటి ఇప్పుడోటి. రెండ్రోజులు "ఆకలిగా లేదే" అని చారు నీళ్లు తాగి పడుకుంది. మూడో రోజు పొద్దున టీ ఇస్తే గ్లాసు అందుకోవడానికి చెయ్యి పక్కకు చాచింది, నన్ను మా పిన్ని పేరుతో పిలిచింది. షుగరు పడిపోయిందేమో అనుకుని నేను పంచదార నీళ్లు కలిపి తాగించాను. వార్డులో వేలసార్లు ఊపిరి లెక్కపెట్టిన దాన్ని, అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టడానికి ఇంకో గంట పట్టింది. 32 వచ్చింది. ఆక్సీమీటర్ 86 చూపించింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి కోలుకుంది. ఆ గంటను మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

65 దాటినవాళ్లలో, షుగరు, కిడ్నీ, గుండె జబ్బులు ఉన్నవాళ్లలో ఇవి చూడండి:

– ఉన్నట్టుండి తికమక, పేర్లు తప్పడం, పగలంతా మగత
– తిండి మీద ఇష్టం పోవడం, కాళ్లు తేలిపోయి పడిపోవడం
– జ్వరం లేకపోయినా ఊపిరి వేగం
– పై బీపీ 90 కన్నా తగ్గడం
– గట్టిగా ఊపిరి పీలిస్తే ఒక పక్కన పొడిచినట్టు నొప్పి

పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నవాళ్లకు తిండి ఊపిరితిత్తుల్లోకి జారి నెమ్ము వస్తుంది. పడుకోబెట్టి గరిటెతో పోయకండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న ముద్దలు పెట్టండి. ఒకటి మింగాకే ఇంకొకటి. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. నీళ్లకు పొలమారుతుంటే చిక్కటి జావ నయం. రోజుకు రెండుసార్లు పళ్లు తోమించండి, కట్టుడు పళ్లు రాత్రి తీసి కడగండి. నోటి మురికే లోపలికి దిగి జబ్బవుతుంది.

6. గోడకు అంటించుకోవాల్సిన చీటీ

దీన్ని తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. వీటిలో ఒక్కటి కనబడినా ఇంటి వైద్యం ఆపి బయల్దేరాలి:

– డొక్కలెగరేయడం, మూలుగు
– పాలు పట్టకపోవడం, ఏమీ తాగలేకపోవడం, తాగిందల్లా కక్కేయడం
– ఫిట్స్ రావడం
– లేపినా లేవనంత మగత
– నాలుక, పెదవుల లోపలి భాగం నీలంగా మారడం. మన చామనఛాయ ఒంటి మీద బయట తెలియదు, నోరు తెరిచి చూడాలి.
– 2 నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 దాటడం, లేదా ఒళ్లు చల్లబడి 95.9 కన్నా తగ్గడం
– దగ్గుతో రక్తం
– పెద్దవాళ్లు ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మధ్యలో ఊపిరి తీసుకోవడం

7. ఎక్కడికి, ఎలా వెళ్లాలి

పట్నంలో ఆస్పత్రులకు కొదవ లేదు. ఎక్కడికి వెళ్లాలన్న తర్జనభర్జనలోనే ఇంట్లో గంట గడిచిపోతుంది.

2 నెలలు నిండినవాళ్లకు ప్రమాద గుర్తులేమీ లేకుండా, లెక్క కాస్త ఎక్కువగా ఉండి, తింటూ ఆడుతూ ఉంటే దగ్గరలోని బస్తీ దవాఖానా లేదా పట్టణ ఆరోగ్య కేంద్రం చాలు. డాక్టరు చూస్తారు, మందులిస్తారు, రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితంగా చేయిస్తారు. అక్కడ రాత్రి ఉండనివ్వరు, చేర్చుకోరు. కాబట్టి ప్రమాద గుర్తు ఉన్నప్పుడు అక్కడికి వెళ్లి సమయం పోగొట్టుకోవద్దు.

గుర్తులు ఉంటే పిల్లలకు రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్, పెద్దలకు గాంధీ లేదా ఉస్మానియా. దీర్ఘకాలపు ఛాతీ జబ్బులకు, టీబీకి ఎర్రగడ్డలోని ఛాతీ ఆస్పత్రి. ప్రైవేటుకు వెళ్లేవాళ్లు ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ఇప్పుడు డాక్టరు ఉన్నారా, ఆక్సిజన్ పడక ఖాళీ ఉందా, పిల్లలకైతే పిల్లల ఐసీయూ ఉందా. ఉత్త నెబులైజర్ పెట్టి పంపే చోట రెండు గంటలు ఆగిపోయి, పిల్ల చేయి దాటాక మా దగ్గరికి వచ్చిన తల్లులు ఎందరో.

రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. మీరు వెళ్లిన ఆస్పత్రి ఆ పథకంలో ఉందో లేదో చేర్చే ముందే ఆరోగ్యమిత్రను, అంటే అక్కడ ఆ పథకం పనులు చూసే మనిషిని అడగండి.

దారిలో:

– 108 బండిలో ఆక్సిజన్ ఉంటుంది, ఆటో కన్నా అదే మేలు.
– పడుకోబెట్టకండి. పిల్లను భుజానికి ఆనించి నిటారుగా, పెద్దవాళ్లను వెనక దిండు పెట్టి కూర్చోబెట్టండి.
– ఆయాసపడుతుంటే నోట్లో ఏమీ బలవంతంగా పోయకండి.
– కిటికీ అద్దాలు కాస్త దించండి, చెద్దరు ముఖం మీద కప్పకండి.
– వాడిన మందుల పట్టీలు, సీసాలు, పాత ఎక్స్‌రేలు, ఊపిరి లెక్క రాసిన కాగితం వెంట ఉండాలి.

8. ఇంట్లోనే చూసుకునేటప్పుడు

ప్రమాద గుర్తులు లేవు, డాక్టరు ఇంట్లోనే చూసుకోమన్నారు. అప్పుడు పొద్దున, సాయంత్రం, పడుకునే ముందు మూడుసార్లు ఊపిరి లెక్కపెట్టి, సమయం, అంకె, జ్వరం, ఎన్నిసార్లు మూత్రం పోశారో రాయండి. మాత్రల డబ్బా అట్టముక్క వెనక రాసినా చాలు. "నిన్నటికన్నా బాగుంది" అన్న మాట కన్నా "నిన్న 46, ఇవ్వాళ 38" అన్న మాట డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

జ్వరానికి పారాసెటమాల్. పిల్లలకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా. 3 నెలల లోపు బిడ్డకు డాక్టరు చెప్పకుండా ఇవ్వొద్దు. తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో 5 మిల్లీలీటర్లకు 250, పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100. పది కిలోల పిల్లాడికి 125 రకం సిరప్ 6 మిల్లీలీటర్లు, 250 రకమైతే 3 మిల్లీలీటర్లు చాలు. చుక్కల మందైతే ఒకటిన్నర. "పోయినసారి ఆరు పోశాం" అని చుక్కల మందు ఆరు మిల్లీలీటర్లు పోస్తే 600 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. పూటపూటా అంత మోతాదు పడితే కాలేయానికి దెబ్బ. అందుకే ఇంట్లో ఒకే రకం ఉంచండి. జలుబు సిరప్‌లలోనూ పారాసెటమాల్ కలిసి ఉంటుంది, లేబుల్ చదివి రెండూ ఒకేసారి పోయకుండా చూడండి. పెద్దలకు 500 లేదా 650 మాత్ర, అదే ఎడంతో.

పిల్లలకు ఆస్ప్రిన్ వద్దేవద్దు.

తిండికి పథ్యం పెట్టకండి. అరటిపండు చలవ, పెరుగు కఫం అని నాలుగు రోజులు బ్రెడ్డు మీద ఉంచితే పిల్లకు ఉన్న శక్తీ పోతుంది. పెరుగన్నం అడిగితే పెరుగన్నమే పెట్టండి. మిరియాల చారు, రాగి జావ, గంజి, పప్పు కట్టు, ఏది ఇష్టమైతే అది, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. చనుపాలు ఆపొద్దు. పాలిచ్చే ముందు ముక్కులో ఉప్పునీటి చుక్కలు రెండేసి వేసి శుభ్రం చేస్తే పట్టు బాగా పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం రాకపోతే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం, డాక్టరుకు చెప్పండి.

దగ్గుకు ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా నుంచి ఒక చెంచా తేనె. ఏడాది లోపు తేనె నాకించడం ప్రమాదం. దగ్గు సిరప్‌ల సంగతికొస్తే, మధ్యప్రదేశ్‌లో కలుషిత దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ గట్టిగా చెప్పింది: రెండేళ్ల లోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఐదేళ్ల లోపు సాధారణంగా అవసరం లేదు. మందుల షాపులో "పిల్లాడికి దగ్గు, ఏదైనా ఇవ్వండి" అని అడగడం మానేయండి.

9. ప్రేమతోనే చేసినా కీడు చేసే పనులు

వీటి గురించి నేను కటువుగా మాట్లాడతానని పేరు. చేసేవాళ్లు పిల్లను ప్రాణంగా చూసుకునే అమ్మమ్మలు, నాయనమ్మలే. అందుకే వివరంగా చెబుతాను.

ముక్కులో నూనె చుక్కలు, ఉగ్గుగిన్నెతో బలవంతంగా ఆముదం, నెయ్యి పోయడం. బిడ్డ కాళ్ల మీద పడుకుని ఏడుస్తుంటే పోసిన నూనె, గాలి గొట్టంలోకి జారుతుంది. నూనెను దగ్గి బయటికి తేవడం చేతకాదు. అది ఊపిరితిత్తిలో ఉండిపోయి వాపు తెస్తుంది. ఇది మామూలు నెమ్ములా యాంటీబయోటిక్‌కు లొంగదు, వారాలు పీడిస్తుంది. నూనె ఒంటికి రాయండి, ముక్కులో వద్దు.

సాంబ్రాణి. స్నానం చేయించి తడి తల ఆరడానికి బుట్టలో ధూపం వేసి పైన బిడ్డను పట్టుకుంటారు. పొడి తువ్వాలుతో తుడిస్తే ఆరిపోయే తల అది. తలుపులు మూసిన గదిలో దోమల చక్రం, అగరుబత్తి కూడా అంతే. పొగ ఊపిరి గొట్టాల లోపలి పొరను దెబ్బతీస్తుంది.

ఆవిరి. పెద్దవాళ్లకు ముక్కు దిబ్బడకు హాయిగా ఉంటుంది, నెమ్మును మాత్రం తగ్గించదు. దుప్పటి కింద మరిగే గిన్నె పెట్టి పిల్లలను కూర్చోబెట్టకండి. గిన్నె బోర్లాపడి తొడలు కాలిన పిల్లలు జలుబుతో రాలేదు, కాలిన గాయాలతో వచ్చారు.

కర్పూరం కలిసిన బామ్‌లు రెండేళ్ల లోపు వద్దు, ముక్కు కింద ఎవరికీ వద్దు. బ్రాందీ చుక్కలు వద్దు. వాతలు పెట్టడం ఇంకా అక్కడక్కడా ఉంది. అది జబ్బును తగ్గించదు, ఉన్న ఆయాసానికి పుండును తోడు చేస్తుంది. జ్వరంలో మంకీక్యాప్, స్వెటరు, రెండు దుప్పట్లూ తీసేసి పలుచటి నూలు బట్ట వేయండి.

10. యాంటీబయోటిక్: ఎప్పుడు, ఎలా

జలుబుకు, వైరస్ దగ్గుకు యాంటీబయోటిక్ పనిచేయదు. పక్కింటివాళ్లకు తగ్గిందని మూడు మాత్రల అజిత్రోమైసిన్ పట్టీ తెచ్చి వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. జలుబు ఎలాగూ తగ్గుతుంది, పేరు మాత్రకు వస్తుంది. నిజంగా నెమ్ము వచ్చిన రోజున ఆ మందుకు సూక్ష్మక్రిములు లొంగకుండా పోతాయి.

డాక్టరు నెమ్మని చెప్పి రాసినప్పుడు మాత్రం ఒక్క పూట కూడా తప్పొద్దు. చిన్నపిల్లల మామూలు నెమ్ముకు ఎక్కువగా రాసే మందు అమాక్సిసిలిన్. అది పొడి సీసాగా వస్తే ఇలా కలపండి:

– సీసాను కొట్టి పొడిని వదులు చేయండి.
– కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి గిలకొట్టండి.
– సీసా మీద ఉన్న గీత దాకా నీళ్లు నింపి మళ్లీ గిలకొట్టండి. నురగ దిగాక చూస్తే గీత కిందికి పోయి ఉంటుంది, ఇంకొన్ని నీళ్లు పోసి గీతకు తేవాలి.
– కలిపిన తేదీ సీసా మీద రాయండి. ఎన్ని రోజులు నిలవ ఉంటుందో, ఫ్రిజ్‌లో పెట్టాలో లేదో లేబుల్ మీద ఉంటుంది. మిగిలింది వచ్చే నెలకు దాచొద్దు.
– పూటపూటకూ కొంచెం పొడి తీసి గ్లాసులో కలపడం తప్పు. ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ పడుతుంది.

మొదలుపెట్టిన 48 నుంచి 72 గంటల్లో ఊపిరి లెక్క తగ్గాలి, తిండి కాస్త మొదలవ్వాలి. అలా కాకపోతే కొత్త సీసా కొనకండి, అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మందు మార్చాల్సి రావచ్చు, పొరల మధ్య నీరు చేరి ఉండొచ్చు.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, వైద్యం సాగినంత కాలం పోషణకు నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి. ఈలోగా షాపులో ఏదో ఒక యాంటీబయోటిక్ వాడితే కొన్ని రకాలు టీబీని పైపైన అణచిపెడతాయి, జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది.

11. ఇంటికొచ్చాక

జ్వరం వారంలో పోతుంది. కళ్లె, రొమ్ము నొప్పి నాలుగు వారాలకు తగ్గుముఖం పడతాయి. దగ్గు, ఆయాసం ఆరు వారాల దాకా సాగొచ్చు. నీరసం కొందరికి మూడు నెలలు. ఇది తెలియక పదో రోజునే ఆఫీసుకు పోయి, మెట్రో మెట్లెక్కుతూ కూలబడ్డవాళ్లు ఉన్నారు. మొదట ఇంట్లో, తర్వాత వీధి చివరిదాకా, అలా పెంచుకుంటూ పోండి. పొగతాగేవాళ్లు, 50 దాటినవాళ్లు ఆరు వారాలకు ఎక్స్‌రే మళ్లీ తీయించాలా అని డాక్టరును అడగాలి. మచ్చ పోకపోతే దాని వెనక వేరే జబ్బు ఉండొచ్చు.

12. టీకాలు

పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవాటిలో నెమ్మును అడ్డుకునేవి మూడు. న్యుమోకోకల్ టీకా, 2021లో దేశమంతటికీ వచ్చింది: ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావలెంట్‌లో ఉన్న హిబ్ (నెమ్ము తెచ్చే ఒక బ్యాక్టీరియా) టీకా: ఆరు, పది, పద్నాలుగు వారాలకు. తట్టు టీకా: తొమ్మిది నెలలు నిండాక, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య. తట్టు వచ్చిన పిల్లల్ని ఎక్కువగా బలితీసుకునేది నెమ్మే. తొమ్మిదో నెల టీకాకు ఊరెళ్లి మర్చిపోయేవాళ్లు ఎక్కువ, ఆ తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. తప్పిపోతే డాక్టరుకు కార్డు చూపించి ఇప్పుడైనా వేయించండి.

ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలి చివర్లో ఒకసారి విజృంభిస్తుంది. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి తొలకరికి ముందే, మే నెలలో వేయించుకుంటే మంచిది. గర్భిణులు, 65 దాటినవాళ్లు, ఆస్తమా, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు తప్పనిసరిగా డాక్టరుతో మాట్లాడాలి. వీళ్లకు పెద్దల న్యుమోకోకల్ టీకా కూడా ఉంది. పెద్దలకు ఈ రెండూ డబ్బు పెట్టి వేయించుకోవాల్సినవే.

ఒకసారి నెమ్ము వచ్చిపోయిందని ఇక రాదనుకోవద్దు. మా అమ్మకు ఆస్పత్రి నుంచి వచ్చాక న్యుమోకోకల్ టీకా వేయించాం, ప్రతి మే నెలా ఫ్లూ టీకా వేయిస్తున్నాం. ఆమె టీకా కార్డు మనవడి కార్డుతో పాటు అదే డబ్బాలో ఉంటుంది, ఆక్సీమీటర్ పక్కన.